బట్ట కప్పినా ఆరని లైటు

ఎర్రకుంటపల్లి,
2-8-1973

ఒరేయ్ నారాయణా,

నీకూ, మీ షాపులో మూలుగుతున్న రేడియోలన్నిటికీ అక్కయ్య ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను. బాగాలేనిది ఇక్కడి కరెంటు. ఈ ఊరికి స్తంభాలు పాతి మూడేళ్లయింది. పోయిన ఏడు వేసవి నుంచి మాత్రం రోజూ సాయంత్రం ఆరింటికి పోయి తొమ్మిదింటికి వస్తోంది. డ్యాముల్లో నీళ్లు లేవుట. సరే, నీళ్లు లేకపోతే ఎవరేం చేస్తారు! కానీ ఈ ఊరి బిడ్డలకి ఎవరు చెప్పారో ఏమిటో, సరిగ్గా ఆ మూడు గంటలూ చూసుకునే పుడుతున్నారు. నెలకి ఎనిమిది పురుళ్లు పోస్తే అయిదు ఆ చీకట్లోనే.

లాంతరు పెడితే నా నీడే నాకు అడ్డం. పెట్రోమాక్సు ఉంది, దాని మాంటిల్ ముట్టుకుంటే రాలిపోతుంది. టార్చి ఉంది. దాన్ని పట్టుకునేది మా ఆసుపత్రి ఆయా లక్ష్మీనర్సమ్మ. ఇరవై ఏళ్లుగా పురుళ్ల మధ్యే బతికిన మనిషి, తీరా అసలు సమయం వచ్చేసరికి గట్టిగా కళ్లు మూసుకుని "సామీ, సామీ" అంటుంది. టార్చి ఇంటికప్పు మీదకి పోతుంది. బల్లులు మహా బాగా కనబడతాయి.

నవ్వింది చాలు, ఇది విను. పోయిన ఏడు వీరమ్మ అనే పిల్లకి పురుడు పోశాను. బిడ్డ మెడకి పేగు చుట్టుకుంది. ఆ లాంతరు గుడ్డివెలుతురులో నాకు కనబడలేదురా. తెలుసుకునేసరికి అయిపోయింది. అంతకుముందు కాన్పు వాళ్ల ఇంట్లోనే, అదీ అంతే. ఈ సంగతి ఇంతవరకు నీకూ చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. పెద్దాసుపత్రికి పంపిద్దామంటే నలభై మైళ్లు, పొద్దు వాలితే బస్సు లేదు.

నిన్న ఆ వీరమ్మే మళ్లీ వచ్చింది. నాలుగో నెల. పరీక్ష చేయించుకుని వెళ్లిపోతూ గుమ్మంలో ఆగి, "అమ్మా, గీ సారన్న ఎలుగుంటదా?" అని అడిగింది. "ఉంటుంది" అన్నాను. ఎక్కణ్ణుంచి తెస్తానో తెలియకుండానే అనేశాను.

కాబట్టి మాట నాది, పని నీది. జనవరికల్లా, మూడు గంటలు ఆరకుండా వెలిగేది ఏదో ఒకటి చేసి పంపు. చిన్నప్పుడు నాన్నగారి గడియారం విప్పి మళ్లీ బిగించలేకపోయావు. ఆ పాపం ఇలా కడుక్కో.

నీ అక్కయ్య,
విద్యావతి


నాంపల్లి,
21-8-1973

అక్కయ్యా!

వెలిగింది! నమస్కారాలూ కుశలప్రశ్నలూ ఈ కాయితం చివర్లో చోటు మిగిలితే రాస్తాను. వెలిగింది!

బస్సుల్లో పెట్టే బ్యాటరీ ఉంటుంది చూడు, దాని మీద నాలుగడుగుల ట్యూబులైటు వెలిగించాను. ఇందులో గొప్పేముంది అనకు. బ్యాటరీ కరెంటు ఒకే దిక్కుకి పోతుంది. ట్యూబుకి అటూ ఇటూ పరుగెత్తే కరెంటు కావాలి, అదీ చాలా జోరుగా కావాలి. అందుకని రెండు ట్రాన్సిస్టర్లు పెట్టాను. బాపట్లలో అమ్మా పిన్నీ ఒకే రోట్లో రెండు రోకళ్లు వేసి దంచేవాళ్లు గుర్తుందా, ఒకటి లేస్తే ఒకటి పడేది, ఒక్కనాడూ ఢీకొన్న పాపాన పోలేదు. ఇదీ అంతే. కాకపోతే సెకనుకి కొన్ని వందల పోట్లు. ఆ పోట్లకి పెట్టె సన్నగా ఈల వేస్తుంది, భయపడకు.

మొదటి పది రోజులూ రోకళ్లు ఢీకొంటూనే ఉన్నాయి. ఏడు ట్రాన్సిస్టర్లు మాడ్చాను. మా సేటు రాజనర్సు గారు రోజూ షాపులోకి వస్తూనే ముక్కు ఎగబీల్చి, "ఇయ్యాల ఎన్ని గాల్చినవ్ వయా?" అని అడిగేవారు. ట్రాన్స్‌ఫార్మరు రేకులు జుమ్మేరాత్ బజారులో పాత సామాన్ల కుప్పల్లో ఏరుకొచ్చాను. తీగ నేనే చుట్టాను, రెండుసార్లు లెక్క తప్పి మొదటికొచ్చాను. మొన్న శనివారం పొద్దున పదకొండున్నరకి మీట నొక్కితే, గదంతా తెల్లగా అయిపోయింది! నేను కేక పెట్టానుట, నాకు తెలియదు. ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లు కప్పులతో సహా వచ్చేశారు. సేటు గారు నోరు తెరిచి, "ఔ గదా! మోటర్ బ్యాటరీ మీద ట్యూబులైటా! ఏదీ, జర మళ్ల ఆర్పి పెట్టు" అన్నారు. పదకొండుసార్లు ఆర్పించి వెలిగించారు. బల్లమీద మూడు గంటలు ఏకధాటిగా వెలిగింది.

ఎల్లుండి గౌలిగూడ బస్టాండులో మీ ఊరి బస్సు కండక్టరు బీరయ్య చేతికి పెట్టే, బ్యాటరీ ఇస్తున్నాను. ఎర్ర తీగ ప్లస్సుకి, నల్ల తీగ మైనస్సుకి. తారుమారు చేస్తే ఎనిమిదో ట్రాన్సిస్టరు పుణ్యం నీదే. కరెంటు ఉన్నంతసేపూ పెట్టె ప్లగ్గు గోడకి పెట్టి ఉంచు, బ్యాటరీ దానంతట అదే నిండుతుంది.

వీరమ్మకి చెప్పు, వెలుతురు బస్సెక్కిందని.

తమ్ముడు,
నారాయణ


ఎర్రకుంటపల్లి,
12-9-1973

నారాయణా,

నీ పెట్టె క్షేమంగా దిగింది. బీరయ్య దాన్ని బస్సు పైన వెయ్యకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడుట. టిక్కెట్లు కొట్టడం కూడా మానేశాడని ప్రయాణికులు సంతోషించారు.

ఆ సాయంత్రం ఊరు ఊరంతా మా వరండాలోనే. ఆరింటికి కరెంటు పోయింది. లక్ష్మీనర్సమ్మ పెట్టెకి పసుపూ కుంకుమా పెట్టి, "గిప్పుడు నొక్కుమమ్మా" అంది. నొక్కాను. ఒక్కసారిగా అందరూ "హో" అన్నారు. పిల్లలైతే తమ చేతులు తామే చూసుకున్నారు. వీరమ్మ కూడా వచ్చింది, ఒక మూల నిలబడి చూసింది. వెళ్లేటప్పుడు నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూడటం నాకదే మొదటిసారి.

మూడోరోజునే ఒక పురుడు. ఇరవై ఏళ్లలో ఇంత సులువుగా పని చేసుకోలేదు అని లక్ష్మీనర్సమ్మ అంటోంది. కళ్లు మూసుకోవలసిన అవసరం లేదు కదా, ఆవిడ చేతిలో ఇప్పుడు టార్చి లేదు. ఆ మగపిల్లాడికి వాళ్ల నాయన ఏదో దేవుడి పేరు పెట్టాడు గానీ, ఊళ్లో అందరూ ట్యూబులైటు అనే పిలుస్తున్నారు.

నువ్వు ఇంత పని చేస్తావని అనుకోలేదురా. నాన్నగారి గడియారం సంగతి వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకో రెండు మాటలు రాద్దామనుకున్నాను. సరేలే, తర్వాత చూద్దాం. వేళకి తిను.

విద్యావతి


నాంపల్లి,
7-10-1973

అక్కయ్యా,

నీ ఉత్తరం షాపులో గట్టిగా చదివాను. ట్యూబులైటు అబ్బాయి దగ్గరికొచ్చేసరికి సేటు గారు బల్ల మీద చెయ్యి కొట్టి, "నుమాయిష్‌ల పెడుదాం వయా! గిది నుమాయిష్‌ల వెట్టినమంటే షహర్ అంత మన ముంగట నిలవడ్తది" అన్నారు. అన్నారంటే ఊరికే అనడం కాదు, మర్నాడే వెళ్లి మన నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జనవరి ఒకటి నుంచి ఒక బల్ల మాట్లాడేసి వచ్చారు! అక్కయ్యా, ప్రతి ఏడూ టిక్కెట్టు కొనుక్కుని మిర్చీబజ్జీలు తింటూ తిరిగే మైదానంలో నా పెట్టె కూర్చుంటుంది.

ఒక్కటే అడిగారు నుమాయిష్ వాళ్లు. ఈ పెట్టె వాడుతున్నవాళ్లెవరైనా, ఇది ఇబ్బంది లేకుండా పనిచేస్తోందని సంతకం పెట్టి రాసివ్వాలిట. వాడుతున్నది లోకం మొత్తంమీద నువ్వొక్కదానివే. పొగడక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు రాయి చాలు.

ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వరప్రసాద్ గారని ఫిజిక్సు లెక్చరరు, రేడియో బాగు చేయించుకోవడానికి వస్తుంటారు. ఆయన నిన్న జేబులోంచి పొట్లం విప్పి నల్లటి బిళ్ల ఒకటి చూపించారు. రూపాయి కాసంత. దానికి రెండు తీగలు. నా మీటరుకి తగిలించి, షాపు ముందు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదకి తీసుకెళ్లి ఎండలో పట్టుకుంటే ముల్లు లేచింది! చెయ్యి అడ్డం పెడితే పడిపోయింది. చెయ్యి తీస్తే మళ్లీ లేచింది. ఎండ అక్కయ్యా, ఉత్త ఎండ! ఇలాంటి బిళ్లలు ఇంటికప్పు మీద పరిస్తే బ్యాటరీని సూర్యుడే నింపుతాడు, ఇక స్తంభాలతో పనేముంది అన్నాను. ఆయన నవ్వి, "ఆ రోజు వస్తుందయ్యా. కానీ బ్యాటరీకీ లైటుకీ మధ్య కూర్చున్న నీ పెట్టె సగం కరెంటుని వేడి కింద తినేస్తే ఎంత ఎండ ఉండి ఏం లాభం? ముందు ఇది బాగుచెయ్యి" అన్నారు. కొంచెం చివుక్కుమంది. అయినా మనది బాగానే ఉందిగా?

ఉత్తరం వెంటనే పంపు.

నారాయణ


ఎర్రకుంటపల్లి,
18-10-1973

నారాయణా,

ఆ ఉత్తరం నేను రాయలేను.

ఎలా చెప్పాలో తెలియక నాలుగు కాయితాలు చింపాను. నీ పెట్టె ఆరిపోతోందిరా. మొదటి రోజు బాగానే ఉంది, మొదటి పురుడూ గడిచింది. ఆ తర్వాత ఆరు పురుళ్లయితే, నాలుగింట్లో మధ్యలో ఆరిపోయింది. అరగంట వెలుగుతుంది, ముప్పావు గంట వెలుగుతుంది, ఈల సన్నగిల్లుతుంది, అంతే. ఒక గంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ వెలుగుతుంది. అందరూ బతికారు, నా అదృష్టం. లాంతరు పక్కనే వెలిగించి పెట్టుకుంటున్నాను.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. నీ ఉత్తరాల్లో సంతోషం చూసి నోరు రాలేదు. నాన్నగారు పోయాక నువ్వంత ఉషారుగా రాయడం నేను చూడలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను.

ఇప్పుడు చెబుతున్నది వీరమ్మ వల్ల. పోయిన గురువారం ఆ పిల్ల పరీక్షకి వచ్చి, లోపల ఒక పురుడు జరుగుతుంటే వరండాలో కూర్చుంది. సరిగ్గా అప్పుడే లైటు పోయింది. లోపల్నించి ఆ తల్లి కేకలు, లక్ష్మీనర్సమ్మ అరుపులు. వీరమ్మ చూసింది, లేచి వెళ్లిపోయింది. పరీక్షకి రమ్మని కబురు పెడితే, పుట్టింటికి పోయిందని చెప్పారు. ఆ ఊళ్లో మంత్రసాని కూడా లేదు.

తప్పు నాదే. నిన్ను తిట్టడం లేదు.

విద్యావతి


నాంపల్లి,
22-10-1973

అక్కయ్యకి,

నొప్పి దాచుకుని వచ్చే ఆడవాళ్లని నువ్వెలా కడిగేస్తావో నాకు ఎన్నోసార్లు రాశావు. "చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది, నేనేమన్నా దేవుణ్ణా?" అని. ఇప్పుడు అదే మాట నేనూ అంటున్నాను. ఆరు వారాలు! ఆరు వారాలు నేను ఆబిడ్స్ అంతా చాటింపు వేసుకుని తిరిగాను. నీకు జాలి వేస్తే నాకు సిగ్గు మిగిలింది.

సరే. కోపం ఆ పేరాతో అయిపోయింది.

గంట వదిలేస్తే మళ్లీ వెలుగుతోందంటే అది వేడి. వేడెక్కితే ఈ ట్రాన్సిస్టర్లు డీలా పడిపోతాయి. కానీ నా బల్లమీద మూడు గంటలు వెలిగిన పెట్టె అక్కడ ముప్పావు గంటకే ఎందుకు వేడెక్కుతోంది? ఇవి చూసి రాయి. పెట్టె పొయ్యి దగ్గరుందా? ఎండ పడుతోందా? పక్కల నేను వేసిన చిల్లుల్లోంచి గాలి ఆడుతోందా? వెళ్లి, పెట్టె ముందు నిలబడి, కళ్లతో చూసి రాయి.

నారాయణ


ఎర్రకుంటపల్లి,
26-10-1973

ఒరే ఒరే నారాయణా, దొరికింది!

నువ్వు చెప్పినట్టే నీ ఉత్తరం చేత్తో పట్టుకుని వెళ్లి పెట్టె ముందు నిలబడ్డాను. పొయ్యి లేదు. ఎండ లేదు. చిల్లుల్లో గాలి ఆడుతోందా అని చూద్దును కదా, చిల్లులేవీ? పెట్టే లేదు! ఉన్నది కవరు. నాలుగు వైపులా కిందిదాకా దిగిన మందపాటి కేస్మెంటు బట్ట, దాని మీద ఎర్రదారంతో రెండు చిలకలు, అంచుకి లేసు. మీట నొక్కడానికి వేలు దూరేటంత బొత్తాం కాజా ఒకటి.

లక్ష్మీనర్సమ్మ కుట్టింది. పెట్టె వచ్చిన నాలుగోరోజునే కుట్టి తొడిగింది. ఇన్నాళ్లూ రోజూ ఆ కాజాలో వేలు పెట్టి మీట నొక్కుతున్నాను, చిలకలు బాగున్నాయని మెచ్చుకున్నాను కూడా! నాకు తట్టలేదంటే నమ్ము. మనింట్లో నాన్నగారి రేడియోకి కవరు లేకుండా ఎప్పుడన్నా చూశామా? అమ్మ బట్ట సగం పైకెత్తి వార్తలు పెట్టేది. నా కంటికి అది పెట్టెలో భాగమే అయిపోయింది.

కవరు తీసేసి నిన్న వెలిగించాను. మూడు గంటలూ, కరెంటు వచ్చేదాకా వెలిగింది. నేను ఎగిరి గంతేశాను, ఈ వయసులో.

లక్ష్మీనర్సమ్మ మాత్రం కూర్చుని ఏడ్చింది. "గంత మంచి డబ్బకు బట్ట లేకుంటె ఎట్లనమ్మా? దుమ్ము వడదా? నలుగురొచ్చి సూస్తె మన దవాఖాన ఇజ్జత్ ఏంగావాలె?" అంది. ఆవిడ తప్పు కాదని బతిమాలి అన్నం తినిపించాను. అయినా నేను రెండు రోజులు సెలవు పెట్టానంటే మళ్లీ తొడిగేస్తుంది, నాకు తెలుసు.

ఇక నీ ఉత్తరం రాసేయనా? కవరు తీస్తే పనిచేస్తుంది అని?

విద్యావతి


నాంపల్లి,
20-11-1973

అక్కయ్యా,

రాయకు! ఇంకా రాయకు!

నీ ఉత్తరం చదివి నేను పొట్ట పట్టుకుని నవ్వాను. సేటు గారు నవ్వలేదు. గడ్డం గోక్కుని ఇలా అన్నారు: "బట్ట గప్పితే సచ్చేది మిషినా వయా? మనోళ్లు కప్పకుంట ఉంటరా? రేడియకు గప్పుతరు, కుట్టుమిషిన్‌కు గప్పుతరు, ట్రంకుపెట్టెకు గూడ గప్పుతరు. ఎంతమందికి చెప్తవ్, కప్పకున్రి కప్పకున్రి అని? నువ్వే గట్ల చెయ్యి, కప్పినా నడువాలె." నాకు చెంప మీద కొట్టినట్టయింది. లక్ష్మీనర్సమ్మ గారికి చెప్పు, తప్పు ఆవిడది కాదు, నాది. ఇళ్లలో ఉండే వస్తువుకి ఇళ్లలో మనుషులు ఏం చేస్తారో చూసుకోకుండా చేశాను.

అప్పటినుంచి ఒకటే పట్టుదల. వేడి బయటికి పంపడం కాదు, అసలు పుట్టకూడదు. ఎక్కడ పుడుతోంది? మూడు వారాలు వెతికితే దొరికింది. నా ట్రాన్స్‌ఫార్మరు ప్రతి పోటుకీ పూర్తిగా నిండి పొర్లిపోతోంది. పొర్లితే గానీ రెండో ట్రాన్సిస్టరుకి వంతు రావడం లేదు. బిందె నిండి నీళ్లు కాళ్ల మీదకొచ్చాక కుళాయి కట్టేస్తున్నాం అన్నమాట. ఆ పొర్లినప్పుడల్లా ట్రాన్సిస్టరుకి ఒక దెబ్బ. సెకనుకి వందల దెబ్బలు. ఏ ప్రాణికైనా ఒళ్లు కాలుతుంది మరి!

ఇప్పుడు పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పక్కన బొటనవేలంత చిన్నది ఇంకొకటి పెట్టాను. పెద్దది నిండకముందే చిన్నది నిండి, ఇక చాలు, వంతు మార్చు అంటుంది. పెద్దది ఎప్పుడూ పొర్లదు. బరువు మోయడం పెద్దదానిది, పెత్తనం చిన్నదానిది. మనింట్లో లాగానే.

వరప్రసాద్ గారికి చూపిస్తే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తన దగ్గర దాచుకున్న సిలికాన్ ట్రాన్సిస్టర్లు, వేడికి ఓర్చుకునే కొత్త రకం, ఒక జత ఇచ్చేశారు. ఊళ్లో ఇంకో జత దొరకదు, బొంబాయికి రాశాం.

నిన్న పరీక్ష. సేటు గారు ఇంటినుంచి గొంగడి తెచ్చారు. నాలుగు మడతలేసి పెట్టె మీద కప్పారు. పైన ఇంకో రేడియో పెట్టారు. ఆ రేడియో మీద ఆయనే చెయ్యి వేసుకుని కూర్చున్నారు! పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా, నాలుగున్నర గంటలు. ట్యూబు రెప్ప కూడా ఆర్పలేదు. గొంగడి తీసి ట్రాన్సిస్టరు మీద వేలు పెడితే, చంటిపిల్ల ఒళ్లు వెచ్చగా ఉన్నట్టుంది. అంతే! నేను సేటు గారిని కావిలించుకున్నాను. "ఏ, ఇడువ్ వయా, దుకాణంల జనముండ్రు" అన్నారు గానీ విడిపించుకోలేదు.

ఇది నుమాయిష్ బల్ల మీదకి. రెండో జత రాగానే నీకొకటి. పాతదాని కవరు తీసేసి అంతవరకు నెట్టుకురా.

నారాయణ


ఎర్రకుంటపల్లి,
20-12-1973

నారాయణా,

నిన్న మూడు మైళ్లు నడిచి వీరమ్మ పుట్టింటికి వెళ్లాను. కాళ్లు వాచాయి ఆ పిల్లకి. రమ్మంటే రానంది. కోపంగా కాదు, నెమ్మదిగా చెప్పింది. "నీ మీద గుస్స లేదమ్మా. ఈడ కందిలుంటది, సన్నగనో సక్కగనో తెల్లారెదాక ఉంటది. నీ కాడ గంత తెల్లగ ఎలిగి, నట్టనడుమ పోయె గద. గప్పుడు నీకు గూడ ఏం గానరాదు."

ఆ పిల్ల లాంతరు గురించి అన్నది నిజమే కదా. వెలుతురుకి అలవాటు పడ్డ కళ్లకి చీకటి రెండింతలు. నీ పాత పెట్టె కవరు తీసినా, మొన్న చలికి తలుపులు మూసేసి గది ఉక్కగా ఉన్నప్పుడు మళ్లీ గంటన్నరకి ఆరింది. నీకు దాచనని ఒట్టు పెట్టుకున్నాను, అందుకని రాస్తున్నాను.

మా తమ్ముడు కొత్తది చేశాడు, అది గొంగడి కప్పినా ఆరలేదు అని చెప్పాను. నా మొహంలోకి చూసి, "సూపెట్టు. మూడు గంటలు నా కండ్ల ముంగట ఎలగనీ. గప్పుడు వస్త" అంది.

లెక్క ప్రకారం జనవరి మొదటి వారం. బిడ్డ తిన్నగానే ఉంది గానీ నాకు ధైర్యం లేదు. బొంబాయి నుంచి ఆ రెండో జత ఎప్పుడొస్తుంది? నుమాయిష్ సంగతి నాకు తెలుసు. నీ బల్ల మీద ఉన్నదాన్ని పంపు అని అడగడానికి నాకు నోరు రావడం లేదు. అయినా అడుగుతున్నాను.

విద్యావతి


నాంపల్లి,
28-12-1973

అక్కయ్యా,

నీకీ ఉత్తరం అందేసరికి పెట్టె నీ దగ్గరుంటుంది. ఇందాకే బీరయ్య ఒళ్లో పెట్టి వచ్చాను.

నీ దగ్గర దాచనని నేనూ ఒట్టు పెట్టుకుంటాను. వెంటనే పంపలేదు. రెండు రోజులు నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. బొంబాయి జత ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని పోస్టాఫీసు చుట్టూ తిరిగాను. బోర్డు రాయించేశాం, నీలం అక్షరాలతో. రేపటిలోగా వస్తువు బల్ల మీద పెట్టకపోతే ఆ బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఇవాళ పొద్దున మైదానంలో ఆ బల్ల మీద పెట్టె పెట్టి, తీగలు బిగించి, అయిదడుగులు వెనక్కి వెళ్లి చూసుకున్నాను. ఎంత బాగుందో చెప్పలేను. అప్పుడు జేబులో నీ కాయితం చేతికి తగిలింది. "సూపెట్టు, గప్పుడు వస్త." అక్కడ నుమాయిష్‌కి వచ్చే లక్షమందీ చూసి వెళ్లిపోతారు. చూసి ఉండిపోయేది ఆ పిల్ల ఒక్కతే. తీగలు విప్పడం మొదలుపెట్టాను.

సేటు గారు వెనకాలే నిలబడ్డారుట, నేను చూడలేదు. తిడతారనుకున్నాను. ఆయన బోర్డు తీసి చంకలో పెట్టుకుని, "నుమాయిష్ నలభై దినాలుంటది, లేకుంటె వచ్చేయేడు ఉంటది. పురుడు ఆగుతదా? నడు, బస్సు పోతది" అన్నారు. మైదానం నుంచి గౌలిగూడ దాకా రిక్షాలో బ్యాటరీ ఆయన కాళ్ల మధ్య, పెట్టె నా ఒళ్లో. దారంతా గుంత వచ్చినప్పుడల్లా ఇద్దరం వాటిని గట్టిగా పట్టుకున్నాం. బస్సు కదిలాక ఆయన నన్ను పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఎందుకో చెప్పలేను గానీ, ట్యూబు మొదటిసారి వెలిగిన రోజుకన్నా ఎక్కువ సంతోషంగా ఉంది.

వెలగకపోతే దాచకు. వెలిగితే ఆలస్యం చెయ్యకు.

నారాయణ


ఎర్రకుంటపల్లి,
5-1-1974

నా బంగారు తండ్రీ నారాయణా,

ఆడపిల్ల! ఆరున్నర పౌనులు. తల్లీ పిల్లా బాగున్నారు. ఇది ముందు రాసేశాను, ఇక నెమ్మదిగా చెబుతాను.

డిసెంబరు ముప్పై ఒకటిన ఎడ్లబండి కట్టించి వీరమ్మని తీసుకొచ్చాను. ఆరింటికి కరెంటు పోయింది. పెట్టె వెలిగించి, ఆ పిల్ల ఎదురుగా స్టూలు వేసి కూర్చోబెట్టాను. కదలలేదురా! మూడు గంటలు ఆ ట్యూబు వంకే చూస్తూ కూర్చుంది, అన్నం తెస్తే చేత్తో పక్కకి నెట్టింది. లక్ష్మీనర్సమ్మ, నేను గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. తొమ్మిదింటికి కరెంటు వచ్చాక లేచి, "ఉంట" అంది. ఒక్కటే మాట. వెళ్లి మంచం మీద పడుకుంది.

నిన్న మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. ఆరింటికి కరెంటు పోయింది, నీ లైటు వెలిగించాను. ఏడూ పదికి తల కనబడింది. మెడ చుట్టూ పేగు, ఈసారి రెండు చుట్లు! కానీ నారాయణా, చుక్క కాంతి కూడా వృథా కాకుండా అంతా నా చేతుల మీదే ఉంది. పేగు నీలంగా, జారుగా కనబడింది, మెలిక ఎటు తిరిగిందో కూడా తెలిసింది. వేలు పోనిచ్చి ఒక చుట్టు తప్పించాను. రెండోది బిగిసింది. రెండు వైపులా క్లిప్పులు పెట్టి మధ్యలో కత్తిరించాను. ఎంతసేపు? నువ్వు మీట నొక్కినంతసేపు. పిల్ల బయటపడింది, ఒక క్షణం ఏమీ లేదు, తర్వాత ఏడ్చింది. అబ్బ, ఏం ఏడుపురా! లక్ష్మీనర్సమ్మ పిల్లతోపాటు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయాను.

అంతా సర్దాక ఎనిమిదిన్నర అయింది. తల్లి కళ్లకి కొడుతుందేమోనని, లాంతరు చిన్నది పెట్టి ట్యూబు ఆర్పబోయాను. వీరమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ ఒంట్లో అంత బలం ఎక్కడిదో.

"ఆర్పకు అమ్మా. సూడనీ. మొదటి ఇద్దరి మొకాలు నేను సూడలె. చీకట్లనే తీస్కపొయిన్రు."

నేను లాంతరు ఆర్పేశాను. పిల్లని తెచ్చి, వెలుతురు సరిగ్గా మొహం మీద పడేటట్టు ఆమె పక్కన పడుకోబెట్టాను. వీరమ్మ ముక్కు చూసింది, చెవులు చూసింది, వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసింది, కనుబొమ్మ దగ్గర చిన్న మచ్చ ఉంటే నాకు చూపించింది. తొమ్మిదింటికి గదిలో మామూలు బల్బు వచ్చింది. ఆమె చూడటం ఆపలేదు. నేను స్టూలు మీద కూర్చుని, ఆ పిల్లని ఆమెతోపాటు చాలాసేపు చూశాను.

అక్కయ్య,
విద్యావతి